వంత వాయించే బూరకు సొంత పాట: 'టబ్బీ ద ట్యూబా' కథా, సినిమా

1975లో అమెరికాలో పిల్లల కోసం ఒక యానిమేషన్ సినిమా వచ్చింది. పేరు 'టబ్బీ ద ట్యూబా'. నిడివి 81 నిమిషాలు. ఇందులో హీరో మనిషీ కాదు, జంతువూ కాదు. ఆర్కెస్ట్రాలో వెనక వరసలో కూర్చునే పెద్ద ఇత్తడి బూర, అంటే ట్యూబా. ఒక కాలేజీ డబ్బు పెట్టి తీసిన సినిమా ఇది. పేరున్న నటులు గొంతు ఇచ్చారు. అయినా ఇవాళ దీన్ని గుర్తుపెట్టుకున్నవాళ్లు తక్కువ. గుర్తున్నవాళ్లలోనూ సగం మంది కంప్యూటర్ గ్రాఫిక్స్ చరిత్ర చదివినవాళ్లే అయివుంటారు.

సినిమాగా ఇది గొప్పది కాదు. కానీ దీనికి ఆధారమైన పది పన్నెండు నిమిషాల సంగీత కథ మాత్రం, పిల్లలకు ఆర్కెస్ట్రా అంటే ఏమిటో చెప్పడానికి పుట్టిన రచనల్లో మేలైనది. అంత చిన్న వస్తువు అంత పెద్ద సినిమాగా మారేసరికి ఎక్కడ జారిపోయింది, ఆ జారుడు చూసినవాళ్లు తర్వాత ఏం చేశారు అన్నదే ఇక్కడ ఆసక్తికరమైన విషయం.

ముందు కథ. ఆర్కెస్ట్రా రిహార్సల్‌కు సిద్ధమవుతూ ఉంటుంది. వయొలిన్లకు మంచి బాణీలున్నాయి, ఫ్లూట్లకూ ఉన్నాయి. టబ్బీకి ఉన్నది ఒక్కటే: ఊం-పా, ఊం-పా. తాళం తప్పకుండా అడుగున ఆ రెండు స్వరాలు వేస్తూ ఉండటమే అతని ఉద్యోగం. అందరిలాగా తనకూ ఒక బాణీ ఉంటే బాగుండును అని పైకి అనేస్తాడు. మిగతా వాద్యాలు నవ్వుతాయి. మనసు చిన్నబుచ్చుకుని నది ఒడ్డుకు వెళ్లి కూర్చుంటాడు. అక్కడ ఒక కప్ప కనిపిస్తుంది. రోజూ రాత్రి తానూ పాడుతుందట, ఒక్కరూ పట్టించుకోరట. ఆ కప్ప టబ్బీకి ఒక బాణీ నేర్పుతుంది. మర్నాడు ఆర్కెస్ట్రాను నడిపించే కొత్త కండక్టర్ వచ్చినప్పుడు టబ్బీ ధైర్యం చేసి ఆ బాణీ వాయిస్తాడు. మొదట అందరూ బిత్తరపోతారు. కండక్టర్ మాత్రం ఆపి, మళ్లీ వాయించమంటాడు. ఆ తర్వాత ఒక్కో వాద్యం వచ్చి, ఆ బాణీ మాకూ ఇస్తావా అని అడుగుతుంది. చివరికి ఆర్కెస్ట్రా మొత్తం అదే వాయిస్తుంది.

పిల్లల కథ కాబట్టి ఇది 'అవమానం, ప్రయత్నం, విజయం' మూసలో ఉందని అనిపిస్తుంది. కానీ సంగీతం వైపు నుంచి చూస్తే అసలు విషయం వేరు. పాశ్చాత్య ఆర్కెస్ట్రాలో బాణీ ఒకరిది, దానికి అడుగున ఆధారం పట్టేది ఇంకొకరు. వినేవాడి చెవి పైనున్న బాణీ మీదే ఉంటుంది. అడుగు స్వరం ఉందని కూడా చాలామందికి తెలియదు, అది ఆగిపోతే మాత్రం ఏదో బోసిపోయిందని తెలుస్తుంది. 'ఊం' అనేది ఆ కాసేపు పాట ఏ స్వరం మీద నిలబడి ఉందో చెబుతుంది, 'పా' అనేది లయ నింపుతుంది. ఈ పని విభజనను పిల్లలకు మాటల్లో చెప్పడం కష్టం. టబ్బీ కథ దాన్ని ఒక పాత్ర బాధగా మార్చింది. పిల్లవాడు 'అయ్యో, వాడికి పాట లేదే' అనుకున్న క్షణంలోనే బాణీ అంటే ఏమిటో, పక్కవాద్యం అంటే ఏమిటో తెలిసిపోతుంది.

కర్ణాటక కచేరీ వినే చెవికి ఈ బాధ సగమే అర్థమవుతుంది. మన దగ్గర మృదంగం పక్కవాద్యమే అయినా దానికి తని ఆవర్తనం ఉంది. గాయకుడు చేతులు ముడుచుకుని కూర్చుంటే, సభ మొత్తం మృదంగం వైపు తిరిగే సమయం కచేరీలోనే ఏర్పాటు చేసి ఉంటుంది. టబ్బీ స్థానం మృదంగానిది కాదు, తంబూరాది. అది లేకుండా ఏదీ నిలబడదు, దాని కోసం మాత్రం ఎవరూ టికెట్ కొనరు. తంబూరాకు తని ఆవర్తనం ఇచ్చిన కచేరీ ఎవరూ విని ఉండరు కదా.

ట్యూబాకు ఆ స్థానం రావడానికి దాని శరీరమే కారణం. బీ-ఫ్లాట్ ట్యూబా చుట్టలన్నీ విప్పి సాగదీస్తే గొట్టం దాదాపు 18 అడుగులు. పొడవాటి గొట్టంలో గాలి నెమ్మదిగా కంపిస్తుంది, స్వరం మంద్రంగా వస్తుంది. మీటలు నొక్కకుండా పలికే దాని అడుగు స్వరం సెకనుకు సుమారు 29 కంపనాలు. అదే ఆర్కెస్ట్రాలో రెండో చివర ఉండే పికొలో అనే బుల్లి ఫ్లూటు పై స్వరాలు సెకనుకు 4000 కంపనాల దగ్గర ఉంటాయి. అంత మంద్రమైన శబ్దంలో వేగంగా స్వరాలు మారితే ఒకదానితో ఒకటి కలిసిపోయి మసకబారతాయి. పైగా ఊపిరి. అంత పెద్ద గొట్టాన్ని పలికించడానికి గాలి చాలా కావాలి కాబట్టి, నిడివైన బాణీని తెగకుండా లాగడం వయొలిన్ వాయించినంత సులువు కాదు. ట్యూబాకు పాడటం చేతకాదని కాదు. పాడించాలంటే రాసేవాడు దాని ఊపిరి తెలిసి రాయాలి. కథలో టబ్బీకి దగ్గరి స్నేహితుడు ఒక పికొలో. వాద్యబృందంలో అన్నిటికన్నా చిన్నదీ, అన్నిటికన్నా పెద్దదీ పక్కపక్కన నిలబడటం పిల్లలకు నవ్వు తెప్పిస్తుంది. స్వరాల మెట్లలో రెండు కొసలూ ఎక్కడున్నాయో పాఠం చెప్పకుండానే చూపిస్తుంది.

ఇంకో సంగతి, ట్యూబా ఆర్కెస్ట్రాలోకి ఆలస్యంగా వచ్చిన వాద్యం. 1835లో బెర్లిన్‌లో విల్‌హెల్మ్ వీప్రెహ్ట్, యోహాన్ గాట్‌ఫ్రీడ్ మోరిట్జ్ దీనికి పేటెంట్ తీసుకున్నారు. మొదట మిలటరీ బ్యాండ్ల అవసరం. మోజార్ట్ 1791లో, బీథోవెన్ 1827లో చనిపోయారు కాబట్టి వాళ్ల సింఫనీల్లో, అంటే ఆర్కెస్ట్రా కోసం రాసిన పెద్ద రచనల్లో, ట్యూబాకు పనే లేదు. అవి వాయించే రోజు ట్యూబా వాయిద్యకారుడికి సెలవే. మామూలు ఆర్కెస్ట్రాలో వయొలిన్లు ఇరవై ముప్ఫై ఉంటే ట్యూబా ఒక్కటే ఉంటుంది. అందరికన్నా చివర వచ్చిన ఒంటరి ఉద్యోగి అన్నమాట. కథ రాసినవాళ్లు ఈ చరిత్రంతా చెప్పలేదు, చెప్పాల్సిన అవసరమూ రాలేదు.

రాసింది పాల్ ట్రిప్, సంగీతం కూర్చింది జార్జ్ క్లైన్‌సింగర్. ఇద్దరూ న్యూయార్క్‌లో ఉన్నవాళ్లు. 1941లో వాళ్ల ఇంకో రచన ప్రదర్శన అయ్యాక, ఆ ఆర్కెస్ట్రాలో ట్యూబా వాయించిన కళాకారుడు వాళ్ల దగ్గరకు వచ్చి, ట్యూబాలు కూడా పాడగలవు తెలుసా అన్నాడట. ఆ ఒక్క మాట పట్టుకుని ట్రిప్ కథ అల్లాడు. అంటే టబ్బీ ఫిర్యాదు ఊహలోంచి పుట్టింది కాదు, వెనక వరసలో కూర్చునే ఒక నిజమైన ఉద్యోగి నోటి నుంచి వచ్చింది. కథలో ఆ వేడి ఇంకా తగ్గకపోవడానికి కారణం అదే కావచ్చు. ట్రిప్ తర్వాత టెలివిజన్‌లో పిల్లల కార్యక్రమాలతో పేరు తెచ్చుకున్నాడు. క్లైన్‌సింగర్ న్యూయార్క్ చెల్సీ హోటల్లో పాములు, పక్షులు, తాబేలు పెంచుకుంటూ బతికిన మనిషి. కప్పకు అంత మర్యాద ఎందుకు దక్కిందో దీన్నిబట్టి ఊహించుకోవచ్చు.

రెండో ప్రపంచ యుద్ధం వల్ల రికార్డు రావడం ఆలస్యమైంది. యుద్ధం ముగిశాక నటుడు విక్టర్ జోరీ కథ చెబుతుండగా చేసిన రికార్డింగ్ బయటికొచ్చి బాగా అమ్ముడైంది. 1947లో హాస్యనటుడు డానీ కే చెప్పిన ఇంకో రికార్డు దాన్ని మరింత మందికి చేర్చింది. ఆ తర్వాత ఎందరో చెప్పారు. 2005 సంవత్సరానికి అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ దేశం భద్రపరచాల్సిన శబ్దాల జాబితాలో 'టబ్బీ'ని చేర్చింది.

అప్పటి రికార్డు నిమిషానికి 78 సార్లు తిరిగే రకం. ఒక వైపు మూడు నుంచి అయిదు నిమిషాలే పడుతుంది. ఈ ఇరుకు కథకు మేలు చేసింది. అవమానం ఒక ముక్క, కప్ప ఒక ముక్క, విజయం ఒక ముక్క. అనవసరమైన వాక్యానికి చోటు లేదు.

ఇదే కాలంలో ఆర్కెస్ట్రాను పిల్లలకు పరిచయం చేసిన రచనలు ఇంకో రెండు ఉన్నాయి. 1936లో మాస్కోలో ప్రొకోఫియెవ్ రాసిన 'పీటర్ అండ్ ద వుల్ఫ్'లో పిట్టకు ఫ్లూటు, బాతుకు ఓబో, పిల్లికి క్లారినెట్టు, తాతకు బసూన్, తోడేలుకు మూడు హార్న్‌లు. అక్కడ వాద్యం ఒక వేషం. ఫ్లూటు వినబడితే పిల్లలకు పిట్టే గుర్తొస్తుంది, ఫ్లూటు కాదు. ఆ రచనలో ట్యూబాకు అసలు చోటే లేదు. 1945లో ఇంగ్లండ్‌లో బెంజమిన్ బ్రిటెన్ రాసిన ఆర్కెస్ట్రా పరిచయం, పాతకాలపు ఇంగ్లిష్ స్వరకర్త పర్సెల్ బాణీ ఒకదాన్ని తీసుకుని ఒక్కో వాద్య కుటుంబానికీ వంతులవారీగా ఇస్తుంది. సంగీతంగా మూడింటిలోకీ ఇదే ఉన్నతమైనది. కానీ అది పాఠమే, ఎంత మంచి పాఠమైనా. ట్రిప్, క్లైన్‌సింగర్‌లు వేరే దారి పట్టారు. వాళ్ల దగ్గర వాద్యం దేనికీ గుర్తు కాదు, పాఠంలో ఒక ఉదాహరణా కాదు. దానికి దాని కష్టం ఉంది. ఏ వాద్యం పేరేమిటి అన్న జాబితా 'టబ్బీ'తో పూర్తిగా రాదు. ఆర్కెస్ట్రాలో ఎవరు ముందు, ఎవరు వెనక, ఎందుకు అన్నది వస్తుంది. పెద్దవాళ్లలో చాలామందికి తెలియనిది అది.

చివర్లో వాద్యాలన్నీ ఆ బాణీ అడిగే చోటు సంగీతపరంగా కీలకం. టబ్బీ పాట వాయిస్తూ గెలిచి, మిగతావాళ్లు ఓడిపోయి నోరు మూసుకుంటే కథ వేరే అయ్యేది. ఇక్కడ బాణీ ఒక చేతి నుంచి ఇంకో చేతికి వెళుతుంది. సింఫనీల్లో నిజంగా జరిగేదీ ఇదే. ఒక బాణీ పుట్టి, వాద్యం నుంచి వాద్యానికి మారుతూ ప్రతిచోటా కొత్త రంగు పూసుకుంటుంది. ఆ సూత్రం పిల్లలకు కథ ముగింపుగా దొరుకుతుంది. ట్యూబానే ముఖ్య వాద్యంగా, ఆర్కెస్ట్రా దానికి పక్కవాద్యంగా ఉండే మొదటి పెద్ద రచన (కన్సర్టో) 1954లో రాల్ఫ్ వాన్ విలియమ్స్ రాశాడు, లండన్ సింఫనీ ఆర్కెస్ట్రా స్వర్ణోత్సవం కోసం. పిల్లల కథలో ట్యూబాకు దక్కిన గౌరవం పెద్దల కచేరీలో దక్కడానికి పదమూడేళ్లు పట్టింది.

తెర మీద 'టబ్బీ' మొదట కనిపించింది 1947లో. హంగరీలో పుట్టి అమెరికా వచ్చిన జార్జ్ పాల్ దాన్ని బొమ్మలతో చిన్న సినిమాగా తీశాడు. ఆయన పద్ధతి మామూలు బొమ్మలాట కాదు. ఒక బొమ్మ చెయ్యి ఎత్తాలంటే ఆ చేతిని కదిలించరు. చెయ్యి కొంచెం ఎత్తిన చెక్కబొమ్మ ఒకటి, ఇంకొంచెం ఎత్తినది ఒకటి, ఇలా ముందే చెక్కిపెట్టుకుని ఫ్రేము ఫ్రేముకూ ఒక బొమ్మ తీసి ఇంకోటి పెడతారు. ఒక్క చిన్న సినిమాకు వేల ముక్కలు అవసరమయ్యేవి. ఆ సినిమాకు ఆస్కార్ నామినేషన్ వచ్చింది. నిజమైన వస్తువు మీద నిజమైన వెలుతురు పడుతుంది కాబట్టి ఆ వాద్యాలకు బరువు, గుండ్రదనం ఉన్నాయి. చూస్తే తాకాలనిపిస్తుంది. నిడివి కూడా దాదాపు రికార్డు నిడివే, పది నిమిషాల దగ్గర.

ఇక 1975 సినిమా. న్యూయార్క్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ అనే కాలేజీని 1955లో స్థాపించిన అలెగ్జాండర్ షూర్ దీని నిర్మాత, దర్శకుడు కూడా. ఆయన సినిమా మనిషి కాదు. విద్యాసంస్థ నడుపుతూ, లాంగ్ ఐలండ్‌లో పాత జమీందారీ భవనాలు కొని క్యాంపస్ పెంచుతూ, యానిమేషన్ మీద మోజు పడ్డ ధనవంతుడు. డిస్నీలాంటి స్టూడియో ఒకటి తానూ నడపాలన్నది ఆయన కల. వంద మంది దాకా యానిమేటర్లను పెట్టుకున్నాడు. టబ్బీకి డిక్ వాన్ డైక్ గొంతు, కప్పకు సిరిల్ రిచర్డ్ గొంతు, పికొలోకు డేవిడ్ వేన్ గొంతు. పర్ల్ బెయిలీ ఏనుగమ్మ పాత్రకు గొంతు ఇచ్చింది. ట్రిప్, క్లైన్‌సింగర్‌లు ఇద్దరూ ఈ ప్రాజెక్టులో ఉన్నారు. అంటే అసలు రచయితలను పక్కన పెట్టి చెడగొట్టారని అనడానికి వీల్లేదు.

చెడింది నిడివి దగ్గర. పన్నెండు నిమిషాల కథను 81 నిమిషాలు చేయాలంటే ఏదో ఒకటి నింపాలి. అందుకని టబ్బీ ఆర్కెస్ట్రా వదిలి ఊళ్లు పట్టుకు తిరుగుతాడు. సర్కస్‌లో చేరతాడు, అందరూ పాడే ఒక నగరానికి వెళతాడు. కప్ప దగ్గరకు చేరేసరికి చూసేవాడికి టబ్బీ సమస్య ఏమిటో మరిచిపోయేంత దూరం వచ్చేసి ఉంటుంది. ఆ సమస్య పుట్టింది ఆర్కెస్ట్రాలో. వయొలిన్ల పక్కన కూర్చున్నప్పుడే టబ్బీది లోటు. సర్కస్‌లో అతను వింత వస్తువు, అంతే. చుట్టూ వాద్యాలు లేకపోతే ఊం-పా కూడా ఊం-పా కాదు, దానిమీద నిలబడే పాటే లేదు కాబట్టి.

దీనికన్నా లోతైన తప్పు ఇంకోటుంది, దాని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడలేదు. రికార్డులో కథ చెప్పేది ఒక మనిషి. టబ్బీ గొంతు మాత్రం నిజమైన ట్యూబాదే. వినేవాడు మాటలో కథ వింటాడు, బూరలో పాత్రను వింటాడు. సినిమాలో టబ్బీ ఒక ప్రసిద్ధ నటుడి తేలికైన, చలాకీ గొంతుతో గలగలా మాట్లాడతాడు. కళ్లు, చేతులు, కాళ్లు కూడా ఉంటాయి. అలా చూస్తే అతను ట్యూబా కాదు, ట్యూబా వేషంలో ఉన్న మనిషి. మనిషి గొంతు ఉన్నవాడికి పాట దొరకడం పెద్ద విషయమా? పైగా ఇది మ్యూజికల్. ప్రతి పది నిమిషాలకూ ఎవరో ఒకరు పాట అందుకుంటారు. పాట కరువైన పాత్ర చుట్టూ పాటల వర్షం కురుస్తుంటే ఆ కరువును ఎవరు నమ్ముతారు! ఈ చిక్కును డిస్నీ స్టూడియో 1935లోనే 'మ్యూజిక్ ల్యాండ్' అనే చిన్న సినిమాలో తేలిగ్గా దాటింది. అందులో సింఫనీ రాజ్యం, జాజ్ దీవి మధ్య గొడవ. వాద్యాలు మాట్లాడుకుంటాయి, కానీ మాటలతో కాదు. వయొలిన్ వయొలిన్‌లాగే మాట్లాడుతుంది, శాక్సొఫోన్ శాక్సొఫోన్‌లాగే. సంభాషణ ఒక్క ముక్క లేకపోయినా ఎవరు అలిగారో, ఎవరు బతిమాలుతున్నారో తెలిసిపోతుంది. 'టబ్బీ' సినిమా చేయాల్సింది అది.

బొమ్మల పని కూడా అంతంతమాత్రమే. చేతితో గీసే యానిమేషన్‌లో సెకనుకు 24 ఫ్రేములు. 81 నిమిషాలకు లెక్కేస్తే 1,16,640 ఫ్రేములు. ఒక్కో బొమ్మను రెండు ఫ్రేములకు వాడుకున్నా 58 వేల పైచిలుకు బొమ్మలు, అదీ తెర మీద ఒక్క పాత్ర ఉంటే. సీనియర్ యానిమేటర్ కదలికలో ముఖ్యమైన భంగిమలు గీస్తాడు. వాటి మధ్య భంగిమలను జూనియర్లు నింపుతారు. ఆ తర్వాత పారదర్శకమైన షీట్ల మీదకు ఎక్కించి, వెనకవైపు రంగులు వేసి, ఒకదానిమీద ఒకటి పేర్చి కెమెరా కింద పెడతారు. షీటు మీద దుమ్ము ఉంటే అదీ పడుతుంది, నీడ ఉంటే అదీ పడుతుంది. 'టబ్బీ'లో పడ్డాయి కూడా. ట్యూబా గీయడం అన్నిటికన్నా కష్టం. ఒకదానిలోంచి ఒకటి దూరే గొట్టాల చుట్టలు, వాటి మీద తళతళలు, తిరిగిన ప్రతిసారీ ఆకారం మారే నోరు. చెక్కలో చెక్కినవాడికి లేని తలనొప్పి కాగితం మీద గీసేవాడికి ఉంటుంది.

ఈ చాకిరీ చూసే షూర్ కంప్యూటర్ల వైపు తిరిగాడు. సినిమా ఇంకా తయారవుతుండగానే యూటా విశ్వవిద్యాలయంలో గ్రాఫిక్స్ పరిశోధన చూసి, అక్కడి యంత్రాలను ఆర్డర్ ఇచ్చాడు. 1974 చివర్లో అక్కడ డాక్టరేట్ పూర్తి చేసిన ఎడ్ క్యాట్‌మల్‌ను తీసుకొచ్చి తన కాలేజీలో పెట్టిన గ్రాఫిక్స్ ల్యాబ్ అప్పజెప్పాడు. 1975లో ఆల్వీ రే స్మిత్, డేవిడ్ డిఫ్రాన్సిస్కో వచ్చి చేరారు. ఒక బొమ్మను జ్ఞాపకంలో పెట్టుకుని తెరపై చూపించే ఫ్రేమ్ బఫర్ అనే పరికరం అప్పట్లో ఒక్కోటి 60 నుంచి 80 వేల డాలర్లు. షూర్ ఒకటి కొన్నాడు, స్మిత్ అడిగితే ఇంకో అయిదు కొన్నాడు. ఎరుపుకు ఒకటి, పచ్చకు ఒకటి, నీలానికి ఒకటి చొప్పున మూడు కలిపితే పూర్తి రంగుల బొమ్మ వచ్చింది. అప్పటికి ప్రపంచంలో ఇంకెక్కడా లేని సదుపాయం అది.

'టబ్బీ' సినిమాలో మాత్రం కంప్యూటర్ పని లేదు. అంతా పాత పద్ధతే. పూర్తయిన సినిమా చూడటానికి ల్యాబ్ కుర్రాళ్లను కూడా పిలిచారు. బోర్ కొట్టి నిద్రపోయినవాళ్లు ఉన్నారనీ, పనిచేసిన యానిమేటర్ ఒకరు రెండేళ్ల జీవితం వృథా అయిందని వాపోయారనీ, ఇందులో మన చెయ్యి లేదు కదా అని తాము ఊపిరి పీల్చుకున్నామనీ వాళ్లు తర్వాతి రోజుల్లో చెప్పుకున్నారు. వాళ్లకు అర్థమైనది సూటిగానే ఉంది: డబ్బుంది, మనుషులున్నారు, యంత్రాలు వస్తున్నాయి, కానీ ఈ సంస్థలో కథ చెప్పగలవాడు లేడు.

షూర్‌కు అది అర్థమైందా అంటే అనుమానమే. ఆయన ఆశ యంత్రం మీదే. మధ్య బొమ్మలను కంప్యూటర్ గీసేస్తే జూనియర్ల జీతాలు మిగులుతాయి కదా. క్యాట్‌మల్ అందుకోసం ఒక ప్రోగ్రామ్ రాశాడు. అది పనిచేసింది, కొంతవరకే. ఎందుకు కొంతవరకే అన్నది ఆయన 1978లో ఒక పరిశోధన పత్రంలో వివరించాడు. కాగితం మీది గీత, నిజమైన వస్తువుకు ఒక వైపు నుంచి కనబడే రూపం మాత్రమే. ముందున్న చెయ్యి వెనక్కి వెళ్లి దాక్కుంటే గీత మాయమవుతుంది. మనిషికి ఆ చెయ్యి ఎక్కడికి పోయిందో తెలుసు, కంప్యూటర్‌కు తెలియదు. గీతల మధ్య గీతలు నింపడం కాదు, వస్తువునే కంప్యూటర్‌లో కట్టి, దాని మీద వెలుతురు వేసి, కెమెరా తిప్పాలి. ఒక రకంగా ఇది జార్జ్ పాల్ చెక్కబొమ్మల దారే, చెక్క లేకుండా.

ఆ ల్యాబ్‌లో పుట్టినవాటిలో అన్నిటికన్నా దూరం వెళ్లింది 1977లో క్యాట్‌మల్, స్మిత్ కలిసి తెచ్చిన ఆల్ఫా చానెల్. మూడు రంగులకు తోడు ప్రతి చుక్కకూ నాలుగో అంకె ఒకటి ఇచ్చి, ఆ చుక్క ఎంత పారదర్శకమో అందులో రాసిపెట్టడం. పారదర్శక షీట్ల మీద బొమ్మలు పేర్చే పాత పనికి కంప్యూటర్ రూపం ఇది, దుమ్మూ నీడా లేకుండా. ఇవాళ వాట్సాప్ స్టిక్కర్‌లో బొమ్మ చుట్టూ తెల్లడబ్బా కనబడకపోవడానికి, తెలుగు సినిమా పోస్టర్‌లో హీరో వెనక ఆకాశం మార్చేయడానికి ఆధారం ఆ నాలుగో అంకే.

1979లో 'స్టార్ వార్స్' దర్శకుడు జార్జ్ లూకాస్ పిలిస్తే క్యాట్‌మల్ వెళ్లిపోయాడు, మిగతావాళ్లు ఒక్కొక్కరే వెనక నడిచారు. 1986లో ఆ బృందమే స్టీవ్ జాబ్స్ పెట్టుబడితో పిక్సార్ అనే యానిమేషన్ సంస్థ అయింది. న్యూయార్క్ ల్యాబ్‌లో మిగిలినవాళ్లు 'ద వర్క్స్' అనే పూర్తి కంప్యూటర్ సినిమా మొదలుపెట్టి ఏళ్ల తరబడి నెట్టుకొచ్చారు, పూర్తి చేయలేకపోయారు. పిక్సార్ 1988లో తీసిన 'టిన్ టాయ్' అనే చిన్న సినిమా ఆస్కార్ గెలిచింది. కంప్యూటర్‌తో తీసిన సినిమాకు ఆ అవార్డు అదే మొదలు. అందులో హీరో, డోలు, తాళాలు ఒంటికి తగిలించుకుని నడుస్తుంటే మోగే రేకుబొమ్మ. చంటిపిల్లాణ్ణి చూసి అది భయపడి పారిపోతుంటే దాని వాద్యాలే మోగి పట్టిస్తాయి. మాటలు లేవు. బొమ్మ గొంతు దాని వాద్యాలదే. 1975లో తప్పిన చోట ఇక్కడ తప్పలేదు. 1995లో వచ్చిన 'టాయ్ స్టోరీ' నిడివి 81 నిమిషాలు, 'టబ్బీ' నిడివే. యాదృచ్ఛికమే, కానీ అదే నిడివిలో ఎవరు ఏం చేశారో పక్కపక్కన పెట్టి చూసుకోవచ్చు.

షూర్‌ను వెక్కిరించడం తేలిక. లాభం ఎప్పుడొస్తుందో అడగకుండా, అప్పటికి ఎవరూ పెట్టనంత డబ్బు కుర్రాళ్ల చేతిలో పెట్టిన మనిషి అని కూడా చెప్పాలి. ఆయన లేకపోతే ఆ కుర్రాళ్లు అంత త్వరగా ఒకచోట చేరేవాళ్లు కాదు. సినిమా తీయడం రాకపోవడం వేరు, తీయగలవాళ్లకు చోటివ్వడం వేరు.

ఇవాళ పిల్లలకు 'టబ్బీ'ని పరిచయం చేయాలంటే వరస తిరగేయడం మంచిది. ముందు వినిపించాలి, డానీ కే రికార్డయినా సరే, ఇంకెవరిదైనా సరే, బొమ్మలు లేకుండా. తర్వాత జార్జ్ పాల్ చెక్కబొమ్మలు. పెద్ద సినిమా ఆఖరున, అదీ ఓపిక ఉంటే. అమెరికాలో స్కూల్ బ్యాండ్‌లో చేరే వయసు తెలుగు పిల్లలున్న ఇళ్లలో దీనికి ఇంకో ఉపయోగం ఉంది. ఫ్లూటుకూ శాక్సొఫోన్‌కూ పోటీ ఎక్కువ, ట్యూబాకు చేతులెత్తేవాళ్లు తక్కువ. టీచర్ ట్యూబా ఇస్తానంటే ముఖం ముడుచుకునే పిల్లవాడికి ఈ పన్నెండు నిమిషాలు వినిపించి, ఆ వెంటనే వాన్ విలియమ్స్ కన్సర్టో రెండో భాగం పెట్టి చూడండి. నిదానంగా సాగే ఆ భాగంలో ట్యూబా దాదాపు అంతటా పాడుతూనే ఉంటుంది.